గడప దాటితే ప్రాణం.. కాకి ముట్టకపోతే పరువు!

వీకెండ్‌కి ఏం చూడాలో తేలక ఓటీటీ యాప్‌లో అరగంట స్క్రోల్ చేసి, చివరికి ఏదీ చూడకుండానే పడుకునే బ్యాచ్‌లో మీరూ ఉన్నారా? అయితే ఈసారికి మీ పని తేలిక చేస్తా. రెండు తెలుగు సినిమాలు చెప్తా. ఒకటి 2010లో వచ్చిన ‘మర్యాద రామన్న’. రెండోది 2023లో వచ్చిన ‘బలగం’.

మొదటిది యాక్షన్ కామెడీ. హీరో ప్రాణం మీదికి వచ్చిన ప్రతిసారీ మనం పగలబడి నవ్వుతాం. రెండోది చావింట్లో నడిచే కథ. నవ్విస్తూ నవ్విస్తూనే గొంతుకి ఏదో అడ్డం పడేలా చేస్తుంది. ‘ఈ రెండింటికీ ఏంటి సంబంధం?’ అంటారా? విడివిడిగా చూస్తే ఏమీ లేదు. ఒకదాని వెంట ఒకటి చూస్తే మాత్రం ఓ తమాషా బయటపడుతుంది. రెండు కథల్నీ నడిపేది హీరో కాదు, విలనూ కాదు. ఒక ఇంటి ఆచారం. అక్కడ గడప, ఇక్కడ కాకి. మనుషులు పంతాలకు పోయి ఎవరి మాటా విననప్పుడు, ఆ ఆచారమే వాళ్లను ఒకే కప్పు కింద కట్టి పడేస్తుంది. నవ్వు పుట్టేదీ అక్కడే, ఏడుపు పుట్టేదీ అక్కడే.

ముందే చెప్తున్నా.. కథలు కొంచెం చెప్పక తప్పదు. క్లైమాక్సులు మాత్రం విప్పను.

లోపల అతిథి.. బయట శత్రువు

‘మర్యాద రామన్న’లో రాము (సునీల్) హైదరాబాద్‌లో పాత సైకిల్ మీద సరుకులు మోసుకుని బతికే కుర్రాడు. ఆ సైకిల్‌కి మాటలు కూడా వచ్చు, గొంతు రవితేజది! ఉన్న పని కాస్తా ఊడిపోతుంది. అదే టైమ్‌కి, సీమలో తన పేరున ఐదెకరాల పొలం ఉందని తెలుస్తుంది. అమ్మేసి నాలుగు డబ్బులు చేసుకుందామని రైలెక్కుతాడు. దారిలో అపర్ణ (సలోని) పరిచయం అవుతుంది. ఊళ్లో దిగాక తిరిగి తిరిగి ఆ అమ్మాయి ఇంటికే చేరతాడు.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఇంటి పెద్ద రామినీడు (నాగినీడు). పాత గొడవల్లో రాము తండ్రి చేతిలో రామినీడు తమ్ముడు చనిపోయాడు. ఆ వంశంలో మిగిలిన మగపిల్లాణ్ని వదిలేది లేదని ఆ ఇంటి మగాళ్లంతా ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నారు. ఆ పిల్లాడే ఇప్పుడు తమ ఇంట్లో పీట వేసుకుని భోంచేస్తున్నాడు! చంపేద్దామంటే ఒక్కటే అడ్డం: ఆ ఇంట్లో నెత్తుటి చుక్క పడకూడదు. అతిథి గడప లోపల ఉన్నంత సేపు దేవుడితో సమానం. గడప దాటితే కత్తికి ఎర.

అంతే.. సినిమా మొత్తం ఆ ఒక్క గీత మీద నడుస్తుంది. ‘వెళ్లొస్తానండీ’ అనడం మనకు ఎంత మామూలు మాట! ఇక్కడ ఆ మాట అంటే చావే. ‘ఇంకో రెండు రోజులు ఉండు బాబూ’ అనేది మర్యాద కోసం అనే మాట. ఇక్కడ అదే ఊపిరి. తెలుగిళ్లలో చుట్టాన్ని సాగనంపడానికి ఉండే తంతంతా రాముకి యమగండంలా మారిపోతుంది. అందుకే ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. ఎవరూ పనిగట్టుకుని జోకులు వేయరు. గడప వైపు ఒక అడుగు పడితే చాలు, హాలంతా అలర్ట్!

భయం లేకపోతే కామెడీ లేదు

2009లో ‘మగధీర’ లాంటి భారీ సినిమా తీసిన రాజమౌళి, వెంటనే సునీల్‌ని హీరోగా పెట్టి ఇది తీశారు. అప్పటికి సునీల్ అంటే కమెడియనే. 2006లో ‘అందాల రాముడు’లో హీరోగా చేసినా, జనం గుర్తు పెట్టుకుంది మాత్రం కామెడీ వేషాల్నే. నా లెక్కలో ఈ సినిమా సగం విజయం ఆ ఎంపికలోనే ఉంది. ఎందుకంటే రాము కొట్టలేడు. పది మందిని గాల్లోకి లేపే హీరో అయితే గడప లోపల ఎందుకు దాక్కుంటాడు చెప్పండి? బయటికొచ్చి తొడగొడతాడు, కథ అక్కడికి ఖతం!

అనుమానం ఉంటే 2012లో అజయ్ దేవగణ్‌తో వచ్చిన హిందీ రీమేక్ ‘సన్ ఆఫ్ సర్దార్’ చూడండి. అక్కడ హీరో ఎంతమందినైనా చితక్కొట్టగలడని మనకు మొదటి నుంచీ తెలుసు. కథ అదే, ఇల్లు అదే, నియమం అదే. కానీ భయం లేదు. భయం పోయేసరికి నవ్వూ పలచబడింది. యాక్షన్ కామెడీలో యాక్షన్ ఎంత పెద్దదన్నది కాదు లెక్క. దెబ్బ తగిలితే తట్టుకోలేనివాడు ఆ యాక్షన్ మధ్యలో ఇరుక్కోవాలి. అప్పుడే మనకు నవ్వు, ‘అయ్యో’ కలిసి వస్తాయి.

ఈ సూత్రం వందేళ్ల నాటిది. ‘మర్యాద రామన్న’కు మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన మూకీ సినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’. అమెరికాలో రెండు కుటుంబాల మధ్య పగ, శత్రువు ఇంట్లో అతిథిగా చిక్కుకున్న కుర్రాడు, ఇల్లు దాటితే తుపాకులు. కీటన్ ముఖంలో ఒక్క కవళిక మారదు, ఒళ్లు మాత్రం ప్రాణభయంతో పరుగులు పెడుతుంది. నది సీన్ తీసేటప్పుడు కట్టిన తాడు తెగి, ఆయన నిజంగానే ప్రవాహంలో కొట్టుకుపోయి బతికి బయటపడ్డాడు. అంత రిస్క్‌లోంచి పుట్టిన కామెడీ అది.

రాజమౌళి చేసిన తెలివైన పని ఏంటంటే, ఆ కథని మన ఇంటి వసారాలోకి తేవడం. అక్కడి ఆతిథ్యానికి మన విస్తరాకు, పప్పన్నం, ‘ఇంకొంచెం వడ్డించమ్మా’ తోడయ్యాయి. టైటిల్‌ కూడా భలే కుదిరింది. చిన్నప్పుడు మనం విన్న మర్యాద రామన్న తెలివైన తీర్పులు చెప్పే న్యాయాధికారి. ఈ రామన్నకి తీర్పులు చెప్పేంత సీన్ లేదు. మర్యాద అనే తీర్పు కింద నలిగిపోయే ఖైదీ ఈయన.

నల్లి బొక్క తెచ్చిన ఇరవై ఏళ్ల ఎడం

ఇప్పుడు సీమ నుంచి తెలంగాణ పల్లెకు వద్దాం. ‘బలగం’లో సాయిలు (ప్రియదర్శి) వ్యాపారాలు పెట్టి లక్షల్లో అప్పు చేశాడు. పెళ్లి కుదిరింది. వచ్చే కట్నంతో అప్పు తీర్చేయాలని ప్లాన్. నిశ్చితార్థం నెత్తిన పెట్టుకుని తాత కొమురయ్య (సుధాకర్ రెడ్డి) కన్నుమూస్తాడు. ఊరంతటినీ పేరు పేరునా పలకరించే మనిషి పోయాడని ఊరు ఏడుస్తుంటే, మనవడికి మాత్రం ‘ఇప్పుడే పోవాలా?’ అన్న కంగారు. సినిమాలో మొదటి పెద్ద నవ్వు ఇదే. నవ్వేశాక కాస్త సిగ్గేస్తుంది చూడండి.. దర్శకుడు వేణు యెల్దండి పట్టు అక్కడే తెలుస్తుంది.

మనం చావింటికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. లోపల ఏడుపులు. బయట కుర్చీల్లో ఎండల గురించి, భూముల రేట్ల గురించి ముచ్చట్లు. ‘టీ వచ్చిందా?’ అని ఒకరు. ‘ఎవరెవరు వచ్చారు, ఎవరు రాలేదు’ అని లెక్క ఇంకొకరు. ఇవన్నీ మనందరికీ తెలుసు, పైకి మాత్రం అనం. ‘బలగం’ అనేస్తుంది. ‘జబర్దస్త్’లో జనాన్ని నవ్వించిన వేణుకి దర్శకుడిగా ఇది మొదటి సినిమా. కామెడీ చేసినవాడికే చావింటి నవ్వు ఎంత కొలతలో ఉండాలో తెలుస్తుందేమో!

చావుకి అల్లుడు నారాయణ (మురళీధర్ గౌడ్) వస్తాడు, ఇరవై ఏళ్ల తర్వాత. అన్నేళ్లు ఎందుకు రాలేదు? ఆస్తి గొడవా? హత్యా? కాదు. విందులో తనకు నల్లి బొక్క వేయలేదట! బావమరిది ఐలయ్యకూ ఆయనకూ మాటా మాటా పెరిగింది. అంతే, రాకపోకలు బంద్. వినడానికి ఎంత సిల్లీగా ఉందో కదా? కానీ మీ చుట్టాల్లో ఒక్కసారి లెక్కేసుకోండి. ‘పెళ్లి కార్డులో మా పేరు లేదు’, ‘పిలుపు ఫోన్‌లో చెప్పి ఊరుకున్నారు’, ‘బట్టలు పెట్టినప్పుడు మాకు తక్కువ రకం పెట్టారు’.. ఇలాంటివి ఎన్ని కుటుంబాల్ని విడగొట్టలేదు? గొడవ నల్లి బొక్క గురించి కాదు. ‘నాకు ఈ ఇంట్లో విలువ లేదా?’ అన్న ప్రశ్న గురించి. ఆ ప్రశ్న సూటిగా అడగడం మనకు చేతకాదు కాబట్టి బొక్క మీద పెట్టి అడుగుతాం.

ఇక మూడో రోజు. తాతకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. పిట్ట ముట్టదు. పోయినాయన మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ఊళ్లో గుసగుసలు మొదలు. పదకొండో రోజుకైనా ముట్టకపోతే పరువు పోవడమే కాదు, ఊరి పెద్దలే ఇంటి మీదికి వచ్చేలా ఉన్నారు. కాకి కోసం ఆకాశం వైపు చూసే ఆ ముఖాలు ఉన్నాయే.. అక్కడ నవ్వాలో, ఏడవాలో, మనం కూడా కొమ్మల వైపు చూడాలో తెలియదు.

మనిషిని ఏమార్చొచ్చు.. కాకిని?

రెండు సినిమాలనూ ఒకేచోట పెడితే నాకు కనిపించిన అసలు తేడా ఇది. ‘మర్యాద రామన్న’లో నియమం మనుషుల చేతిలో ఉంది. కాబట్టి దాంతో ఆడుకోవచ్చు. రాము సాకులు చెప్పొచ్చు, బయటికి వెళ్లాల్సిన పనిని వాయిదా వేయొచ్చు. రామినీడు కొడుకులు అతన్ని ఎలాగోలా బయటికి రప్పించే ఎత్తులు వేయొచ్చు. ఇది పిల్లీ ఎలుకా ఆట. ఆటలో ఉన్నంత సేపు మనకు హాయి.

‘బలగం’లో నియమం కాకి చేతిలో ఉంది. కాకిని బతిమాలలేం. లంచం ఇవ్వలేం. ‘మీ తప్పంటే మీ తప్ప’ని దాని ముందు పంచాయితీ పెట్టలేం. ఆ ఇంట్లో అందరూ అందర్నీ ఏమార్చగలరు. అప్పు తీర్చుకోవడానికి సాయిలు నారాయణ కూతురు సంధ్య (కావ్య కల్యాణ్‌రామ్) వెంట పడతాడు, అది కూడా ఒక ఏమార్పే. కాకి దగ్గర మాత్రం ఏ ట్రిక్కూ పని చేయదు. చివరికి ఎవరి వంక వాళ్లు చూసుకోవాల్సి వస్తుంది. అందుకే మొదటి సినిమా నవ్వుతోనే మనల్ని బయటికి పంపిస్తే, రెండోది ఇంటిదాకా వెంటాడుతుంది.

ఇంకో మాట. కాకి నిజంగా తాత ఆత్మేనా అని వాదించేవాళ్లు ఉంటారు. సినిమా ఆ వాదన జోలికి పోదు, పోవాల్సిన పనీ లేదు. నమ్మినవాడికీ నమ్మనివాడికీ ఒకటే సీన్ కనిపిస్తుంది.. పదకొండు రోజులు తప్పనిసరై ఒకే ఇంట్లో ఉన్న మనుషులు. ఎవరి ఇంటికి వాళ్లు పోయే వీలుంటే ఇంకో ఇరవై ఏళ్లు మాట్లాడుకోరు వాళ్లు.

పెద్దకర్మకు ముందు పోయినవాళ్ల గురించి కథగా పాడించడం తెలంగాణ పల్లెల్లో ఉన్నదే. సినిమా చివర్లో ఆ పాట పాడింది వరంగల్ జిల్లాకు చెందిన జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. సినిమా వాళ్ల గ్లామర్ ఏమీ లేని గొంతులు. థియేటర్లలో కళ్లు తుడుచుకోనివాడు లేడన్నట్టు అయ్యింది. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఇప్పుడు ఆ సీన్ చూస్తే ఇంకా బరువుగా ఉంటుంది. భీమ్స్ సిసిరోలియో సంగీతంలో వచ్చిన పల్లె పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ అవార్డు అందుకున్నారు. పాటలోనే ఊరంతా పరిచయం అయిపోతుంది. ఆ పలకరింపులు విన్నాం కాబట్టే, తర్వాత ఆ ముసలాయన లేని లోటు మనకూ తెలుస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి బాస్!

పొగడ్తలే చెప్తే అది రివ్యూ కాదు, పీఆర్ అవుతుంది. కాబట్టి నాకు మింగుడు పడనివి కూడా చెప్తా.

‘మర్యాద రామన్న’లో పగ అందంగా కనిపిస్తుంది. చంపాలనుకునేవాళ్లు కూడా నియమం తప్పని పెద్దమనుషుల్లా ఉంటారు. కామెడీకి అది అవసరమే, ఒప్పుకుంటా. కానీ సీమ అనగానే కత్తులు, సుమోలు, పగలు అని చూపించిన సినిమాల వరుసలో ఇది కూడా చేరింది. సీమలో పుట్టిన కుర్రాణ్ని హాస్టల్లో ‘ఏంటి మామా, బాంబులున్నాయా?’ అని ఆటపట్టించే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది మరి? సినిమాల నుంచే కదా. ఈ సినిమా ఆ మూసను తిరగేసి నవ్వించింది గానీ, పగలగొట్టలేదు.

అపర్ణ సంగతి కూడా. సలోని హుషారుగా చేసింది. కానీ ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అందరికన్నా ఆలస్యంగా తెలిసేది ఆమెకే. తన ఇంట్లో, తన నాన్న చేయబోయే హత్య గురించి తనకే తెలియదు!

‘బలగం’లోనూ ఇదే లోటు ఇంకో రూపంలో ఉంది. గొడవ బావాబామ్మర్దులది. శిక్ష మాత్రం ఇద్దరి మధ్యా ఉన్న లక్ష్మి (రూపలక్ష్మి) అనుభవించింది. ఇరవై ఏళ్లు పుట్టింటి గడప తొక్కలేదు, కన్నతండ్రిని చూడలేదు. ఒక్క నల్లి బొక్కకి ఆమె కట్టిన వడ్డీ అంత! రూపలక్ష్మి ముఖంలో ఆ బాధ కనిపిస్తుంది. కానీ ‘నా మాటేంటి?’ అని ఆమె నిలదీసే సీన్ ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త ముందుగా పడాల్సింది. మగవాళ్ల పంతానికి సినిమా ఇచ్చిన టైమ్‌లో సగమైనా ఆమె మౌనానికి ఇచ్చి ఉంటే, క్లైమాక్స్ ఇంకో మెట్టు ఎక్కేది. సాయిలు-సంధ్య ట్రాక్ కూడా అంతే. డబ్బు కోసం మొదలైన ప్రేమ నిజం ప్రేమగా ఎప్పుడు మారిందో సరిగా పట్టుకోలేం.

మరి నా ఓటు దేనికి?

కథ అల్లిక చూస్తే ‘మర్యాద రామన్న’కే. ఒక్క గడపతో రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టడం మామూలు పని కాదు. కన్నడం, బెంగాలీ, హిందీ, తమిళం, మలయాళంలోకి రీమేక్ అయ్యిందంటే ఆ స్క్రీన్‌ప్లే బలం వల్లే. రాయడం నేర్చుకునేవాళ్లు ఈ సినిమాని పాజ్ చేసుకుంటూ చూడాలి.

కానీ ఈ రెండిట్లో ఒకటే మళ్లీ చూడమంటే నేను ‘బలగం’ పెడతా. నవ్వుతున్న ప్రేక్షకుణ్ని నవ్వు మధ్యలోనే ఏడిపించాలంటే దర్శకుడికి గుండె ధైర్యం కావాలి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెంచి ఏడిపించడం ఎవడైనా చేస్తాడు. నల్లి బొక్క దగ్గర నవ్వించి, గంటన్నర తర్వాత అదే నల్లి బొక్క గుర్తొచ్చి ఏడిపించడం వేరే లెవెల్.

చివరగా ఒక రిక్వెస్ట్. ‘మర్యాద రామన్న’ని ఎలాగైనా చూడండి. బస్‌లో, హాస్టల్ బెడ్ మీద, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.. ఎలా చూసినా నవ్వొస్తుంది. ‘బలగం’ని మాత్రం ఫోన్‌లో ఒక్కరే, స్పీడ్ పెంచి చూడొద్దు. 2023లో ఈ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, చిన్నా పెద్దా నేల మీద కూర్చుని చూశారు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు అది చూసి కలిశారన్న వార్తలు కూడా వచ్చాయి. పక్కన కూర్చున్నవాళ్లు ఏ సీన్ దగ్గర మౌనమైపోయారో చూడటం కూడా ఈ సినిమాలో భాగమే.

కాబట్టి ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు టీవీకి పెట్టండి. అమ్మ, నాన్న, నానమ్మ అందర్నీ కూర్చోబెట్టండి. నల్లి బొక్క సీన్ వచ్చినప్పుడు నాన్న వైపు ఓసారి చూడండి. ‘మన బాబాయ్ వాళ్లు ఎందుకు రావట్లేదు నాన్నా?’ అని అడగాలనిపిస్తే.. ఆలోచించకండి, అడిగేయండి. ఏళ్ల తరబడి ఆగిన ఫోన్ కాల్ ఆ రాత్రే వెళ్లొచ్చు. వెళ్లకపోయినా పర్లేదు, కనీసం ఆ గొడవ దేని మీద మొదలైందో మీకు తెలుస్తుంది. బహుశా అదీ నల్లి బొక్క సైజులోనే ఉంటుంది!